అచ్చు తప్పా, తర్వాత తగిలిన దెబ్బా? మీ అయిదు నాణేల గురించి

ఇతరులకూ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను రెండు ముక్కల్లో చెబుతాను. మీ అమ్మమ్మ గారి ట్రంకుపెట్టెలో అయిదు నాణేలు దొరికాయి. ఒకటి 1936 నాటి కంచు పావు అణా, దాని మీద రాజు ముఖాన్ని కోస్తూ తిరగబడిన అక్షరాలు ఉన్నాయి. రెండోది 1944 నాటి చిల్లు కాణీ, చిల్లు మధ్యలో కాకుండా పక్కకు జరిగి ఉంది. మూడోది 1918 వెండి రూపాయి, అక్షరాలకు నీడ పడినట్టు రెండు గీతలు. నాలుగోది చిన్న చిన్న గుంటలు ఉన్న పాత హైదరాబాద్ సిక్కా రూపాయి. అయిదోది ఒక వైపు ఏ బొమ్మా లేని స్టీలు రూపాయి. ఒక వ్యాపారి వీటన్నిటినీ చూసి "అన్నీ ఎర్రర్ కాయిన్లే, లక్షల్లో పోతాయి, కానీ ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలి" అన్నారు. నమ్మొచ్చా అని మీరు అడిగారు.

ఫీజు సంగతి వెంటనే చెబుతాను: ఒక్క రూపాయి కూడా కట్టకండి. పాత నాణేలు కొంటాం, అమ్మిపెడతాం అంటూ రిజర్వ్ బ్యాంక్ పేరు వాడుకుని కమిషన్లు, ఫీజులు అడిగే వాళ్ల గురించి 2021 ఆగస్టులో ఆ బ్యాంకే హెచ్చరిక ఇచ్చింది. నిజంగా నాణెం కావాల్సిన వాడు మీకు డబ్బు ఇస్తాడు, మీ దగ్గర తీసుకోడు.

ఇక నాణేల సంగతి. మీరు పంపిన ఫోటోలు, బరువులు చూశాక నా అభిప్రాయం ఇది. అయిదింటిలో ఒక్కటి మాత్రం నిజమైన టంకశాల పొరపాటు అయ్యే అవకాశం బాగా ఉంది. అది చిల్లు కాణీ. పావు అణా, స్టీలు రూపాయి తర్వాత ఎవరో చేసిన పనులు. వెండి రూపాయి మధ్యస్థం. హైదరాబాద్ రూపాయి మీద ఉన్నది తప్పూ కాదు, పాడవడమూ కాదు, దాని కథ వేరు. ఎందుకు ఇలా అంటున్నానో వివరంగా చెబుతాను. ఎందుకంటే రేపు ఇంకో నాణెం దొరికితే మీరే చూసి తేల్చుకోగలగాలి.

నేను ముప్పై ఏళ్లకు పైగా బాలానగర్‌లో టూల్ రూమ్‌లో డైలు, అంటే లోహాన్ని నొక్కే ఉక్కు అచ్చులు చేశాను. రేకు నుంచి బిళ్ళ కొట్టడం, ఆ బిళ్ళను రెండు డైల మధ్య నొక్కడం మా రోజువారీ పని. నాణేల పిచ్చి కూడా అప్పుడే పట్టింది. టంకశాలలో జరిగేది కూడా అదే పని. లోహపు పట్టీ లోంచి గుండ్రటి బిళ్ళలు కొడతారు. వాటి అంచు కొంచెం లేచేలా తిప్పుతారు, వేడిచేసి మెత్తబరుస్తారు. తర్వాత పైన ఒక అచ్చు, కింద ఒక అచ్చు, చుట్టూ గట్టి ఉక్కు వలయం పెట్టి ఒక్క దెబ్బ వేస్తారు. ఆ ఉక్కు వలయాన్నే కాలర్ అంటారు. ఆ ఒక్క క్షణంలో లోహం పిండిలా పారి అచ్చులోని గుంటల్లోకి వెళ్తుంది. బొమ్మ, బొరుసు, అంచు గీతలు అన్నీ ఒకేసారి తయారవుతాయి.

కాబట్టి నాణెం మీద ఏదైనా వింత కనిపిస్తే నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇక్కడ లోహం ఎప్పుడు, ఎటు కదిలింది? ఆ వింత పైన చెప్పిన మెట్లలో ఏదో ఒకదానిలో పుట్టగలిగితే అది టంకశాల పొరపాటు. ఏ మెట్టులోనూ ఇమడకపోతే, ఎంత వింతగా ఉన్నా అది తర్వాత తగిలిన దెబ్బే. చాలామంది నాణెం ఫోటోను ఇంటర్నెట్‌లో ఉన్న ఇంకో ఫోటోతో పోల్చి "అచ్చం ఇలాగే ఉంది" అనుకుంటారు. పోలిక మోసం చేస్తుంది. లోహం కదిలిన తీరు మోసం చేయదు.

మీ పావు అణాతో మొదలుపెడతాను, ఎందుకంటే అలాంటి నాణెమే నన్ను ఒకసారి దెబ్బతీసింది. కొత్తగా సేకరణ మొదలుపెట్టిన రోజుల్లో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒకతని దగ్గర సరిగ్గా ఇలాంటి పావు అణా కొన్నాను. రాజు తల మీద అద్దంలో చూసినట్టు తిరగబడిన అక్షరాలు. "బ్రాకేజ్" అని చెప్పాడు. నెల ఓవర్‌టైమ్ డబ్బంతా ఇచ్చేశాను. వారం రోజులు దాన్ని చూస్తూనే ఉన్నాను, ఏదో సరిపడటం లేదని మనసులో గుచ్చుకుంటూనే ఉంది. చివరికి ఒక రోజు భోజనం బెల్లు కొట్టాక, రెండు అరిగిపోయిన మామూలు పావు అణాలు తీసుకుని ఒకదాని బొమ్మ వైపు మీద రెండోదాని బొరుసు వైపు ఆనించి బెంచ్ వైస్‌లో బిగించాను. విప్పి చూస్తే నేను కొన్న నాణేనికి అది తోబుట్టువులా ఉంది. ఆ రోజు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది. మీకు అది కలగకూడదనే ఇంత రాస్తున్నాను.

నిజమైన బ్రాకేజ్ ఎలా పుడుతుందంటే, కొట్టిన నాణెం బయటకు రాకుండా ఒక అచ్చుకు అతుక్కుని ఉండిపోతుంది. అది గమనించకుండా తర్వాతి బిళ్ళ లోపలికి వస్తుంది. ఇప్పుడు ఆ కొత్త బిళ్ళకు ఒక వైపు మామూలు అచ్చు తగులుతుంది, రెండో వైపు అచ్చుకు బదులు అతుక్కున్న నాణెం తగులుతుంది. ఫలితంగా ఒక వైపు బొమ్మ మామూలుగా ఉబ్బెత్తుగా, రెండో వైపు అదే బొమ్మ లోతుగా, తిరగబడి వస్తుంది. రెండు వైపులా ఉండేది ఒకే బొమ్మ అన్నది ఇక్కడ ముఖ్యం. మీ నాణెంలో బొమ్మ వైపు రాజు ముఖం ఇంకా ఉంది, దాని మీదే బొరుసు వైపు అక్షరాలు లోతుగా దిగి ఉన్నాయి. బొరుసు వైపు మళ్ళీ మామూలు అక్షరాలు. అంటే ఈ నాణెం ముందు పూర్తిగా, సక్రమంగా తయారైంది. ఆ తర్వాత ఇంకో నాణెం దీని మీద నొక్కుకుంది.

ఇంకో సాక్ష్యం కూడా మీ ఫోటోలోనే ఉంది. రాజు చెంప, గడ్డం, కిరీటం, అంటే ఎత్తుగా ఉండే భాగాలన్నీ చదునుగా అణిగిపోయాయి. రెండు నాణేలదీ ఒకే లోహం కాబట్టి ఒకదాన్ని ఒకటి సగం సగం అణచుకుంటాయి. అందుకే తిరగబడిన అక్షరాలు కూడా పైపైనే ఉన్నాయి, అడుగు వరకు దిగలేదు. అచ్చు దెబ్బ అయితే లోహం మొత్తం పారి, లోతైన అక్షరం అంచులు కూడా పదునుగా ఉండేవి.

దీనికి దగ్గరగా కనిపించే నిజమైన పొరపాటు ఒకటి ఉంది, కాబట్టి దాన్నీ చెప్పాలి. మధ్యలో బిళ్ళ లేకుండా రెండు అచ్చులు ఒకదాన్నొకటి గుద్దుకుంటే, ఒక అచ్చు ఆకారం రెండోదాని మీద పడుతుంది. ఆ తర్వాత కొట్టిన ప్రతి నాణెం మీదా రాజు మెడ ముందు ఖాళీలో ఎదుటి వైపు అక్షరాల రేఖలు లీలగా కనిపిస్తాయి. వీటిని క్లాష్ గుర్తులు అంటారు. తేడా ఎక్కడంటే, క్లాష్ గుర్తు ఖాళీ నేల మీదే ఉంటుంది, రాజు ముఖాన్ని అణచదు. మీదాంట్లో గుర్తులు లోతుగా ఉన్నాయి, ముఖం మీదే ఉన్నాయి.

ఒక గుర్తు ఉబ్బెత్తుగా ఉందా, లోతుగా ఉందా అన్న తేడా మీకు ఎన్నో చోట్ల పనికొస్తుంది. అచ్చు మీద చీలిక వస్తే, ఆ చీలికలోకి లోహం దూరి నాణెం మీద ఉబ్బెత్తు గీత అవుతుంది. అచ్చు అంచు ముక్క విరిగి పడిపోతే ఆ చోట నాణెం అంచు పక్కన బొమ్మ లేని ముద్ద ఒకటి లేస్తుంది. ఈ రెండూ నిజమైన అచ్చు లోపాలు. అదే నాణెం మీద గీత లోపలికి దిగి, దాని ఒడ్డున లోహం చిన్న గట్టులా లేచి ఉంటే, దాని మీద ఏదో మొన గీసింది. పొలంలో నాగలి చాలు పక్కన మట్టి లేచినట్టే ఉంటుంది. ఒక మినహాయింపు ఉంది. కొట్టే సమయంలో దారం ముక్కో, సన్నని తీగో బిళ్ళ మీద పడితే అది కూడా లోతు గుర్తు వదులుతుంది. కానీ అక్కడ ఒడ్డున గట్టు ఉండదు, గీత అడుగున కూడా మెరుపు మిగతా నాణెంలాగే ఉంటుంది. గీసిన గీత అడుగు మాత్రం వేరే రంగులో, పచ్చిగా ఉంటుంది, లేదా మిగతా నాణెం కంటే తక్కువ నల్లబడి ఉంటుంది.

ఇప్పుడు చిల్లు కాణీ. నాకు మీ పెట్టెలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాగికి కరువొచ్చి, మధ్యలో పెద్ద చిల్లు ఉన్న ఈ పైసాను 1943 నుంచి 1947 వరకు కొట్టారు. రూపాయికి 64 కాణీలు. బరువు సుమారు 2 గ్రాములు. మీది 1.9 అన్నారు, అది వాడకంలో అరిగిన కాణీకి ఉండాల్సిన బరువే.

ఈ చిల్లు ఎప్పుడు పడుతుందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. బిళ్ళకు ముందే చిల్లు కొడతారు, తర్వాత అచ్చుల కింద పెడతారు. చిల్లు కొట్టే పంచ్ దగ్గర బిళ్ళ కాస్త జరిగితే చిల్లు పక్కకు పడుతుంది, తర్వాత బొమ్మ మాత్రం సరిగ్గా మధ్యలో పడుతుంది. మీ నాణెంలో అదే కనిపిస్తోంది: కిరీటం, అక్షరాలు, తేదీ అన్నీ అంచుకు సమాన దూరంలో ఉన్నాయి, చిల్లు మాత్రం కిరీటం వైపు జరిగింది. నేను దీన్ని నమ్మడానికి అసలు కారణం ఇంకోటి. చిల్లును ఎవరూ జరపలేరు. దొంగ పని చేయాలంటే అసలు చిల్లును లోహంతో పూడ్చి, దాన్ని నునుపు చేసి, పక్కన కొత్త చిల్లు వేయాలి. పూడ్చిన చోట టంకం వలయంలా కనిపిస్తుంది, రంగు తేడా వస్తుంది. మీ ఫోటోలో అలాంటిది నాకు కనిపించలేదు.

అయినా ఖాయం చేసుకోవడానికి చిల్లు లోపలి గోడను పదిరెట్లు పెద్దగా చూపించే లెన్స్‌తో చూడండి. మా టూల్ రూమ్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లకు మొదట నేర్పేది ఇదే. పంచ్‌తో కొట్టిన చిల్లు గోడలో రెండు పట్టీలు ఉంటాయి. ఒక వైపు నుంచి కొంత దూరం నునుపుగా, మెరుస్తూ కోసినట్టు ఉంటుంది, మిగతాది గరుకుగా తెగినట్టు ఉంటుంది. డ్రిల్లు వేసిన చిల్లులో మరచుట్టు లాగా తిరిగే సన్నని గీతలు ఉంటాయి, బయటి అంచున బర్, అంటే లోహపు ముల్లు లాంటిది లేచి వేలికి గుచ్చుకుంటుంది. మేకుతో పొడిచిన చిల్లు అయితే ఒక వైపు గుంటలా దిగి, రెండో వైపు పువ్వులా చీలి ఉంటుంది. ఎనభై ఏళ్లు చేతులు మారిన నాణెం కాబట్టి పట్టీలు కొంచెం అరిగి ఉండొచ్చు, కానీ మరచుట్టు గీతలు కనిపించకూడదు. ఇంకో గుర్తు కూడా చూడండి. చిల్లు ముందే ఉంది కాబట్టి, అచ్చు దెబ్బ పడినప్పుడు దాని పక్కన ఉన్న లోహం చిల్లు వైపు కొద్దిగా పారుతుంది. అందువల్ల చిల్లుకు ఆనుకున్న గీతలు చివర్లో సన్నబడి, మసకగా ఆగిపోతాయి. తర్వాత వేసిన చిల్లు అయితే కత్తితో కోసినట్టు గీత పూర్తి ఎత్తులో ఉండగానే తెగుతుంది.

ఇదే తర్కం అంచు తెగిన నాణేలకూ పనికొస్తుంది. పట్టీ లోంచి బిళ్ళలు కొట్టేటప్పుడు పంచ్, అప్పటికే బిళ్ళ తీసేసిన ఖాళీ మీద కొంత పడితే, చంద్రవంకలా కొరికిన బిళ్ళ వస్తుంది. దీన్ని క్లిప్ అంటారు. నిజమైన క్లిప్‌లో తెగిన చోటుకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు పేలవంగా ఉంటుంది. ఎందుకంటే అంచు లేపే యంత్రంలో బిళ్ళను రెండు వైపుల నుంచీ నొక్కుతారు, ఒక వైపు ఖాళీ ఉంటే ఎదుటి వైపు ఒత్తిడి అందదు. బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అనే పేరు మీరు వినే ఉంటారు, అది ఇదే. కత్తెరతోనో ఆకురాయితోనో అంచు తీసేసిన వాడికి ఎదుటి అంచు సంగతి తట్టదు. నా అనుభవంలో క్లిప్ అని తెచ్చిన నాణేల్లో ఎక్కువ భాగాన్ని ఈ ఒక్క పరీక్షతోనే పక్కన పెట్టేశాను.

1918 రూపాయి సంగతి కొంచెం నిదానంగా చూడాలి. బరువు 11.6 గ్రాములు అన్నారు, అది సరైనదే. ఆ కాలపు రూపాయి అసలు బరువు 11.66 గ్రాములు, సరిగ్గా ఒక తులం. మన తాతలు తులం రాయికి బదులు రూపాయి బిళ్ళ వేసి తూచింది అందుకే. ఇక అక్షరాల పక్కన కనిపించే నీడ. దీపం కాంతి ఒక వైపు నుంచి ఏటవాలుగా పడేలా పెట్టి, నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూడండి. రెండో అక్షరం చదునుగా, అసలు అక్షరం కంటే కిందుగా, మెట్టు దిగినట్టు ఉంటే అది అచ్చు కదలడం వల్ల వచ్చినది. దెబ్బ పడ్డాక అచ్చు వదులుగా కొద్దిగా ఊగి, అప్పుడే లేచిన అక్షరం ఒడ్డును నొక్కేసింది. టంకశాలలోనే జరిగింది కాబట్టి దీన్ని డ్యామేజ్ అనలేం, కానీ చాలా తరచుగా జరిగేది కాబట్టి సేకరించేవాళ్లు దీనికి అదనంగా పెద్దగా ఇవ్వరు. అచ్చు తయారీలోనే బొమ్మ రెండుసార్లు పడితే దాన్ని డబుల్ డై అంటారు. అప్పుడు రెండు అక్షరాలూ గుండ్రంగా, ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి, అక్షరాల మూలలు రెండుగా చీలి కనిపిస్తాయి. మీ ఫోటోలో నాకు మెట్టే కనిపిస్తోంది.

ఆ రూపాయి మీదే తేదీ కింద పువ్వులో చిన్న చుక్క ఉందా చూడండి. దాన్ని కూడా ఎవరో ఒకరు ఎర్రర్ అంటారు. అది బొంబాయి టంకశాల గుర్తు. ఆ చుక్క లేకపోతే నాణెం కలకత్తాది. ఇలాంటివి చాలా ఉన్నాయి. 1862 తేదీ ఉన్న విక్టోరియా రూపాయిలను తర్వాత చాలా ఏళ్లు అదే తేదీతో కొట్టారు, ఏ ఏడాదిదో తెలియడానికి చుక్కలు పెట్టారు. 1911 నాటి రూపాయి మీద రాజు వస్త్రంపై ఉన్న ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవ జరిగి, 1912లో బొమ్మ మార్చారు. ఇవి రకాలు, డిజైన్ కథలు. అచ్చు ఎలా చెక్కారో నాణెం అలాగే వచ్చింది, యంత్రం తప్పేమీ చేయలేదు.

హైదరాబాద్ రూపాయి దగ్గరకు వస్తే, మీది చార్మినార్ బొమ్మ రాకముందు చేత్తో కొట్టిన సిక్కా. ఈ నాణేలకు యంత్రపు నాణేల నియమాలు పనికిరావు. దాగలి మీద ఒక అచ్చు, చేతిలో ఇంకో అచ్చు, మధ్యలో బిళ్ళ, పైన సుత్తి దెబ్బ. అచ్చు బిళ్ళ కంటే పెద్దగా ఉండేది కాబట్టి రాత మొత్తం ఎప్పుడూ పడదు. బొమ్మ పక్కకు జరగడం, రెండుసార్లు దెబ్బ పడటం, అంచు పగలడం వాటికి సహజం. శాతవాహనుల సీసం నాణేలు, విజయనగర వరహాలు, కుతుబ్‌షాహీ రాగి నాణేలు అన్నిటికీ ఇదే మాట. "రాత సగమే ఉంది, ఎర్రర్" అని ఎవరైనా అమ్మితే కొనకండి. పూర్తి రాత పడినదే నిజానికి అరుదు.

మరి ఆ గుంటలు? అవి షరాబుల, అంటే డబ్బు మార్చే వ్యాపారుల గుర్తులు. నాణెం చేతికి వచ్చినప్పుడు లోపల వెండేనా, పూత పూసిన రాగా అని చూడటానికి చిన్న పంచ్‌తో గుర్తు వేసేవారు. ఒక్కో షరాబుది ఒక్కో గుర్తు. అంచున చిన్న గాటు పెట్టి లోపలి రంగు చూసేవారు కూడా. రెండు వేల ఏళ్ల కిందటి వెండి పంచ్‌మార్కు నాణేల మీదా ఇలాంటి గుర్తులే కనిపిస్తాయి. అమ్మేటప్పుడు వీటివల్ల ధర కొంచెం తగ్గొచ్చు. కానీ ఆ నాణెం ఎన్ని దుకాణాలు, ఎన్ని చేతులు దాటి మీ అమ్మమ్మ గారి దగ్గరకు చేరిందో ఆ గుర్తులు చెబుతాయి. నేనైతే వాటిని పాడవడం అనను. మీ ఫోటోలో పై అంచున కనిపించే మరక మాత్రం వేరు. అది టంకం మచ్చలా ఉంది. ఒకప్పుడు కొక్కెం అతికించి దండలో వేసుకున్నట్టున్నారు, తర్వాత తీసేశారు. వెండి రూపాయిలను మెడలో దండలుగా వేసుకోవడం మన దగ్గర మామూలే కదా. ఇది సేకరణ దృష్టితో డ్యామేజ్ కిందే వస్తుంది.

స్టీలు రూపాయి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 1992 నుంచి 2004 వరకు వచ్చిన ఆ రకం 25 మిల్లీమీటర్ల రూపాయి బరువు 4.85 గ్రాములు. మీది 3.95 అన్నారు. రెండు బిళ్ళలు ఒకేసారి అచ్చులో పడితే ఒక్కోదానికి ఒక్క వైపే బొమ్మ పడటం నిజంగా జరుగుతుంది, కానీ అప్పుడు బరువు తగ్గదు, లోహం ఎక్కడికీ పోదు. మీదాంట్లో దాదాపు ఒక గ్రాము పోయింది. అంటే ఎవరో గ్రైండర్ మీదో ఎమరీ పేపర్ మీదో పట్టారు. ఖాళీ వైపును కాంతికి ఏటవాలుగా పట్టి చూస్తే ఒకే దిక్కుకు సాగే సన్నని గీతలు కనిపిస్తాయి.

రెండు వైపులా బొమ్మే ఉన్న నాణెం ఎప్పుడైనా ఎదురైతే అది కూడా ఇంచుమించు ఇలాంటిదే. రెండు నాణేలను చెరి సగం కోసి, ఒకదాన్ని ఇంకోదానిలో బిగించి ఇంద్రజాలికుల కోసం చేస్తారు. అంచు లోపలి వైపున వెంట్రుక లాంటి అతుకు ఉంటుంది. రాయి మీద వేస్తే మోగదు, టక్కుమంటుంది.

తర్వాత తగిలే దెబ్బల్లో మన వైపు ఎక్కువగా కనిపించేవి రెండు చెబుతాను. మా చిన్నప్పుడు రైలు పట్టాల మీద పైసలు పెట్టి అయస్కాంతం అవుతుందని ఎదురుచూసేవాళ్లం. అలా నలిగిన నాణెం కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉంటుంది, బొమ్మ కూడా దాంతోపాటే సాగి ఉంటుంది. కాలర్ లేకుండా కొట్టిన నిజమైన ఎర్రర్ నాణెం వెడల్పు అవుతుంది కానీ మధ్యలో బొమ్మ పదునుగానే ఉంటుంది, అంచు మీద గీతల జాడే ఉండదు. రాజమండ్రి వంతెన మీద రైల్లోంచి గోదావరిలోకి నాణేలు వేయడం మనకు అలవాటు. నీళ్లలో ఏళ్ల తరబడి ఉన్న నాణెం గుంటలు పడి, పలచబడి, అక్షరాలు పొరలుగా పోయి వస్తుంది. బరువు తక్కువగా ఉంది కాబట్టి వేరే బిళ్ళ మీద కొట్టారని కొందరు వాదిస్తారు. తుప్పు, ఆమ్లం తిన్న నాణెంలో బొమ్మ కూడా సన్నబడుతుంది, పైభాగం గరుకుగా ఉంటుంది. పలచటి బిళ్ళ మీద కొట్టిన దాంట్లో నేల నునుపుగా ఉంటుంది, బొమ్మలో కొన్ని చోట్లే లోహం అందక పేలవంగా ఉంటుంది. నీళ్లు నాణేన్ని ఎలా మారుస్తాయో చెప్పడానికి మద్రాసు ప్రెసిడెన్సీ కోసం బర్మింగ్‌హామ్‌లో తయారైన 1808 నాటి 10, 20 కాసుల రాగి నాణేలు మంచి ఉదాహరణ. వాటిని తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరంలో గుడ్‌విన్ శాండ్స్ దగ్గర మునిగిపోయింది. తర్వాత బయటకు తీసిన వాటిలో కొన్ని కొత్తవాటిలా ఉన్నాయి, కొన్నిటిని ఉప్పునీరు తినేసింది. అచ్చులు అవే, బిళ్ళలు అవే, తేడా అంతా సముద్రం చేసిందే.

ఇక చింతపండు. దయచేసి వద్దు. నాణేలను చింతపండుతో తోమి మెరిపించాలనుకుంటున్నట్టు మీరు రాశారు, అది చదివి నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. పైన నేను చెప్పిన సాక్ష్యాలన్నీ నాణెం పైపొరలోనే ఉంటాయి. గీత అడుగున రంగు తేడా, అచ్చు దెబ్బకు వచ్చిన మెరుపు, టంకం మరక, అన్నీ ఒక్క తోముడుతో పోతాయి. చిల్లు కాణీని తోమితే అది నిజమైనదని నిరూపించే ఆధారం మీ చేతులతో మీరే చెరిపేసినట్టు అవుతుంది. మట్టి ఎక్కువగా ఉంటే మంచినీళ్లలో నానబెట్టి, గుడ్డతో రుద్దకుండా అద్ది ఆరబెట్టండి, అంతే.

ఇంట్లో ఉంచుకోవాల్సిన సామాను పెద్దగా ఏమీ లేదు. పది రెట్ల లెన్స్, 0.01 గ్రాము వరకు చూపించే చిన్న తూకం, సన్నని కొలతలు తీసే వెర్నియర్ స్కేలు, ఒక అయస్కాంతం. అయస్కాంతం ఎందుకంటే వెండి, కంచు దానికి అంటుకోవు, ఆ స్టీలు రూపాయి, 1947 నాటి నికెల్ రూపాయి అంటుకుంటాయి. "వేరే లోహం మీద కొట్టారు" అనే మాటల్లో చాలావరకు అక్కడే తేలిపోతాయి. వీటన్నిటికంటే ముఖ్యమైనది, అదే రకం మామూలు నాణెం ఒకటి పక్కన పెట్టుకోవడం. సక్రమమైనది ఎలా ఉంటుందో కంటికి అలవాటు కాకుండా తప్పును పట్టలేం. వీలుంటే సైఫాబాద్‌లో పాత టంకశాల భవనంలో 2022లో తెరిచిన మ్యూజియానికి ఒకసారి వెళ్లండి. నాణెం తయారయ్యే పనిముట్లను కళ్లతో చూస్తే నేను ఇంతసేపు మాటల్లో చెప్పింది అరగంటలో అర్థమవుతుంది.

అమెరికాలో ఉన్న మీ అన్నయ్య ద్వారా హైదరాబాద్ రూపాయిని గ్రేడింగ్‌కు, అంటే నాణెం స్థితిని పరీక్షించి తేల్చే వాళ్లకు పంపాలనుకుంటున్నానని రాశారు. వందేళ్లు దాటిన నాణేలు మన చట్టం ప్రకారం పురావస్తువుల కిందకు వస్తాయి, 1972 చట్టం వాటిని దేశం దాటించనివ్వదు. ఆ సిక్కాకు, 1918 రూపాయికి కూడా ఇది వర్తిస్తుంది. ఆ రెంటినీ ఇక్కడే ఉంచండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది చిల్లు కాణీ ఒక్కదాని మీదే. దాన్ని తెల్లకాగితం మీద పెట్టి, కిటికీ వెలుతురులో రెండు వైపులా నిటారుగా ఒక్కో ఫోటో తీయండి. తర్వాత లెన్స్‌ను ఫోన్ కెమెరాకు ఆనించి చిల్లు లోపలి గోడను నాలుగు దిక్కుల నుంచీ తీయండి. కిరీటాన్ని చిల్లు కోసిన చోటు ప్రత్యేకంగా కావాలి. చిల్లు అంచు నుంచి నాణెం అంచు వరకు ఉన్న దూరాన్ని, ఎక్కువ ఉన్న వైపు, తక్కువ ఉన్న వైపు, వెర్నియర్‌తో కొలిచి రాయండి. చిల్లు ఎంత ఎక్కువ జరిగితే అంత అరుదు. కొద్దిగా జరిగినవి నేను చాలానే చూశాను, ఫోటోను బట్టి మీది అంతకంటే బాగా ఎక్కువే జరిగినట్టుంది. ఆ కొలతలు వచ్చాక మళ్ళీ చూసి చెబుతాను.